బంగారు బల్లి ఏ ఊరిది? క్లూలు విని ఊరు కనిపెట్టే ఆటకు సమగ్ర మార్గదర్శి

ఎండాకాలం సెలవుల్లో, రాత్రి అన్నాలయ్యాక, మా మిద్దె మీద ఒక ఆట నడుస్తుంది. ఒకరు మనసులో ఒక చోటు అనుకుంటారు. ఊరు కావచ్చు, కొండ కావచ్చు, అడవి కావచ్చు. దాని గురించి ఐదు క్లూలు ఒక్కొక్కటిగా ఇస్తారు. మొదటి క్లూకే చెప్పేస్తే పది మార్కులు, రెండోదానికి ఎనిమిది, ఆ తర్వాత ఆరు, నాలుగు, రెండు. తప్పు చెప్పినవాళ్లు ఆ ప్రశ్నకు ఇక మాట్లాడకూడదు. మాది తిరుపతి. చిత్తూరు నుంచి అక్క పిల్లలు వస్తారు. మా అమ్మ చాప వేసుకుని గోడకు ఆనుకుంటుంది. ఎదురుగా కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు కనిపిస్తుంటాయి.

పోయినేడు మా మేనకోడలు ఇచ్చిన మొదటి క్లూ: “ఇక్కడ బంగారు బల్లి ఉంది.”

“కంచి!” అని లేచి నిలబడ్డాడు వాళ్లన్న. కంచి వరదరాజస్వామి గుడిలో పైకప్పుకు ఉన్న బంగారు బల్లిని, వెండి బల్లిని తాకిరాని ఇల్లు మా వైపు తక్కువ. కానీ సమాధానం అది కాదు. రెండో క్లూ వచ్చింది: “అది రాత్రిపూట బయటికి వస్తుంది, గుడ్లను రాతికి అతికిస్తుంది.” మా అమ్మ వెంటనే “మన కొండే” అంది. శేషాచలం కొండల్లో, నీటి చెమ్మ ఉండే బండల పగుళ్లలో నిజంగానే ఒక బంగారు బల్లి ఉంది. మగది పసుపు పూసినట్టు మెరుస్తుంది. తెల్లటి గుడ్లు గుంపుగా బండకు అంటుకుని ఉంటాయి. తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల కూడా ఈ బల్లి కనిపించింది గానీ, మా వాళ్లకు బంగారు బల్లి అంటే తిరుమలే.

పిల్లవాడికి ఆ సంగతి తెలియక కాదు. కొండ మీది బల్లి గురించి ముందే విన్నాడు. క్లూ వినగానే మొదట గుర్తొచ్చిన ఊరు చెప్పేశాడు, అంతే. ఈ ఆటలో ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది తెలియక ఓడిపోరు. ఒక క్లూ ఎన్ని ఊళ్లకు సరిపోతుందో చూసుకోక ఓడిపోతారు. ఊరు కనిపెట్టడం అంటే మిగతా ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రావడం. అది ఎలాగో అడుగడుగునా చెబుతాను.

మొదటి అడుగు: క్లూలో ఉన్నది ప్రాణమా, బొమ్మా, కథా?

జంతువు పేరు వినపడగానే అడవి వైపు పరుగెత్తకండి. జంతువులు మూడు చోట్ల ఉంటాయి: అడవిలో, గుడి గోడల మీద, ఊరి పేరు వెనకున్న కథలో. మన పక్కనున్న శ్రీకాళహస్తినే తీసుకోండి. “ఒక సాలీడు, ఒక పాము, ఒక ఏనుగు” అని క్లూ ఇస్తే బయటివాళ్లు ఏదో అభయారణ్యం అనుకుంటారు. శ్రీ అంటే సాలీడు, కాళ అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచిన కథలోవి. సింగపూర్ పేరుకు అర్థం సింహపురి, శ్రీలంక జెండా మీద సింహం ఉంది. ఆ రెండు చోట్లా అడవి సింహాలు లేవు.

దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది: క్రియ వినండి. “గూడు కడుతుంది”, “వలస వస్తుంది”, “పొలాల్లో పడుతుంది” అంటే అది బతికున్న జంతువు. “ఉంది”, “కనిపిస్తుంది” అని మాత్రమే అంటే ఏదైనా కావచ్చు. మా మేనకోడలు “ఉంది” అని ఊరికే అనలేదు. ఆ ఒక్క మాటతో కంచికి, తిరుమలకు రెండింటికీ తలుపు తెరిచిపెట్టింది.

రెండో అడుగు: ఎన్ని చోట్లకు సరిపోతుందో వేళ్ల మీద లెక్కపెట్టండి

ఇదే అసలు పని. ప్రతి క్లూకూ మనసులో ఒక అంకె వేసుకోవాలి. “నెమళ్లు తిరుగుతాయి” అంటే వందల ఊళ్లు, ఆ క్లూతో ఏమీ తేలదు. “సింహాలు తిరుగుతాయి” అంటే రెండే దారులు: ఆఫ్రికా, లేదా గుజరాత్‌లోని గిర్. ప్రపంచంలో ఆసియా సింహాలు అడవిలో బతికేది ఇప్పుడు గుజరాత్‌లోనే. “లెమర్లు” అంటే మడగాస్కర్. “కొమోడో డ్రాగన్” అంటే ఇండోనేషియా. “నీళ్ల మీద తేలే గడ్డి దిబ్బల మీద నడిచే దుప్పి” అంటే మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు, అక్కడి కైబుల్ లామ్‌జావో పార్కు. ఆ దుప్పి పేరు సంగాయ్, మరెక్కడా అడవిలో లేదు. ఇలా ఒక్క చోటుకే కట్టుబడ్డ జీవుల్ని ముందుగా నేర్చుకుంటే ఎక్కువ మార్కులు వస్తాయి.

మన రాయలసీమలోనూ అలాంటిది ఒకటుంది: కలివికోడి. 1848లో టి.సి. జెర్డన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షి, తర్వాత అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యాన్ని కాపాడుతున్నారు. కలివికోడి అని వినపడితే ఇక ఆలోచించే పని లేదు. అయితే ఎవరైనా ‘లంకమల’ అని చెబితే చెవి నిక్కబొడుచుకుని వినండి. మా ఇంట్లో ఒకసారి ఆ పేరు విని శ్రీలంక అని రాసుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు మధ్యరకం క్లూ ఒకటి చూద్దాం. “గూడబాతులు ఇక్కడికి వచ్చి గూళ్లు కడతాయి.” తిరుపతివాళ్లు తడుముకోకుండా నేలపట్టు అంటారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోనే గూడబాతులకు పేరున్న చోట్లు కనీసం నాలుగు: సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, కొల్లేరులో ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం. నాలుగులో ఒకటి అంటే పాతిక పాళ్ల నమ్మకం, అంతకు మించి లేదు. రెండో క్లూ “చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి” అంటే నేలపట్టు చెరువులోని కడప అనే జాతి చెట్లు గుర్తొస్తాయి, కాస్త మొగ్గు అటు వస్తుంది. మూడో క్లూ “గుడ్లు పొదిగే కాలంలో అప్పుడప్పుడు ఆకాశం దద్దరిల్లుతుంది” అంటే తేలిపోయింది. పక్కనే శ్రీహరికోట, రాకెట్ లేచినప్పుడు వచ్చే ఉరుము అది. మొదటి క్లూకే నేలపట్టు అన్నవాడికీ, మూడో క్లూకు అన్నవాడికీ సమాధానం ఒకటే. మొదటివాడు మాత్రం గాల్లో రాయి విసిరాడు.

ఫ్లెమింగోలకూ ఇదే లెక్క. పులికాట్‌లో పుట్టి పెరిగినవాళ్లకు అవి తమ సొంతం అనిపిస్తుంది. కచ్ రణ్‌లో ఉన్నాయి, నవీ ముంబై ఉప్పుబురదల్లో ఉన్నాయి, కెన్యా సరస్సుల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి. మనకు దగ్గరున్నది కాబట్టి మనదే అనుకోవడం ఈ ఆటలో అందరూ చేసే తప్పు.

మూడో అడుగు: జంతువును దగ్గరికి జరిగి చూడండి

ఫొటో క్లూ ఇచ్చినా, వర్ణన ఇచ్చినా, “కోతి” దగ్గర ఆగిపోకూడదు. ఏ కోతి?

మా అమ్మ బడికి పోయింది ఐదో తరగతి దాకా. యాత్రలు మాత్రం చాలా చేసింది. కాశీ నుంచి వచ్చాక ఒక మాట చెప్పింది: “అక్కడి కోతులు మన కోతులు కావు నాయనా. తోక పొట్టి, వెనకంతా ఎర్రగా ఉంటాయి. మన కొండ కోతికైతే నడినెత్తిన పాపట తీసి టోపీ పెట్టినట్టు వెంట్రుకలుంటాయి, తోక ఇంత పొడుగు.” పుస్తకాలు చెప్పేదీ అదే. మెట్లదారిలో మన చేతిలో సంచి లాక్కునేది టోపీ కోతి, దక్షిణ భారతంలో మాత్రమే ఉంటుంది. ఉత్తరాదిది రీసస్ కోతి. పడమట తపతి, తూర్పున గోదావరి సుమారుగా రెంటికీ హద్దు అని చెప్పేవారు. ఇప్పుడు రీసస్ కోతులు కిందికి జరుగుతున్నాయి కాబట్టి ఆ గీత చెరుగుతోంది. అయినా గుడి మెట్ల మీద కోతి ఉన్న ఫొటో చూపించి ఊరు అడిగితే, గుడి కంటే ముందు కోతి తల, తోక చూడండి. దేశంలో సగభాగం అక్కడే కొట్టేయొచ్చు.

ఇలాంటి జంటలు కొన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. ఏనుగు చెవి భుజాన్ని కప్పేంత పెద్దదైతే ఆఫ్రికా, చిన్నదైతే ఆసియా. ఒంటెకు రెండు మూపురాలుంటే లడఖ్‌లోని నుబ్రా లోయ, మంగోలియా వైపు ఆలోచించండి, ఒకటే అయితే రాజస్థాన్, అరబ్ దేశాలు. చిరుత మచ్చల గుండ్రాల లోపల చుక్కలు కూడా కనిపిస్తే అది జాగ్వార్, అంటే అమెరికా ఖండాలు. పెద్ద ముక్కు రంగుల పక్షిని చూసి తొందరపడొద్దు: టూకాన్ మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉంటుంది, హార్న్‌బిల్ ఆసియా, ఆఫ్రికాల్లో ఉంటుంది. పులి ఆఫ్రికాలో లేదు. శ్రీలంకలోనూ లేదు, అక్కడ ఉన్నది చిరుత. తెల్ల ఎలుగుబంటి, పెంగ్విన్ ఒకే ఫొటోలో ఉంటే ఆ ఫొటో అబద్ధం. ఒకటి ఉత్తర ధ్రువం వైపుది, ఇంకొకటి దక్షిణార్ధ గోళానిది.

నాలుగో అడుగు: కట్టడాన్ని రాయితో చదవండి

కట్టడాల విషయంలో మనవాళ్లు పేరు కోసం వెతుకుతారు. నేనైతే ముందు రాయి చూడమంటాను. ఎందుకంటే పాతకాలంలో రాయిని చాలా దూరం మోసుకొచ్చేవాళ్లు తక్కువ, దగ్గర దొరికిన రాయితోనే కట్టేవాళ్లు. కాబట్టి రాయి చూస్తే నేల తెలుస్తుంది.

దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు, జేబులో కొత్త నోట్లు తీయండి. 50 రూపాయల నోటు వెనక హంపి రాతి రథం: గ్రానైట్ బండల దేశం. 20 నోటు మీద ఎల్లోరా: దక్కన్ నల్లరాయిని పైనుంచి కిందికి తొలిచిన గుళ్లు. 500 మీద ఎర్రకోట: ఎర్ర ఇసుకరాయి అంటే ఢిల్లీ, ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ వైపు. 10 మీద కోణార్క్ చక్రం, 100 మీద గుజరాత్ పాటన్‌లోని రాణీ కీ వావ్, 200 మీద సాంచీ స్తూపం. మా పిల్లలకు నేను మొదట నేర్పింది ఈ ఆరు నోట్లతోనే. సంతకు పోయినప్పుడు చిల్లర ఇస్తూ “ఇది ఎక్కడిది?” అని అడిగేవాణ్ణి. నెల తిరగకుండా వచ్చేసింది. బేలూరు, హళేబీడు శిల్పాలు నగల పనిలా అంత సన్నగా ఎలా వచ్చాయో కూడా రాయే చెబుతుంది. అది మెత్తటి సబ్బురాయి.

పైకప్పు రెండో గుర్తు. గుడికి ఏటవాలు పెంకులో రాగిరేకులో ఉంటే వానలు దంచికొట్టే కేరళ. మంచు జారిపోయేలా కొయ్య కప్పు ఉంటే హిమాచల్. మెట్లు మెట్లుగా లేచిన గాలిగోపురం అయితే మన దక్షిణాది.

ఐదో అడుగు: రెండు గుండ్రాలు గీసి, కలిసే చోటు చూడండి

ఒక్కో క్లూ ఒక్కో గుండ్రం. రెండు గుండ్రాలు ఎక్కడ కలుస్తాయో అక్కడే ఊరు ఉంటుంది.

“ఇక్కడ రాతి రథం ఉంది.” అందరూ హంపి అంటారు. కాగితం మీద రాసి చూడండి: హంపి, మహాబలిపురంలో పంచరథాలు, గుడినే రథంలా కట్టిన కోణార్క్, మన తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి గుడి. నాలుగు. రెండో క్లూ “దగ్గర్లో ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది.” ఎలుగుబంట్లు మన దేశంలో చాలా చోట్ల ఉన్నాయి, ఆ క్లూ ఒక్కటే అయితే ఏమీ తేలేది కాదు. మొదటి నాలుగింటిలో దేని పక్కన అని అడిగితే మాత్రం దరోజీ అభయారణ్యం పక్కనున్న హంపి ఒక్కటే మిగులుతుంది. విడివిడిగా బలహీనమైన రెండు క్లూలు కలిస్తే ఇంత గట్టిగా పట్టిస్తాయని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

విదేశాలకూ ఇదే పద్ధతి. “రెండు దేశాల మధ్య పడే పెద్ద జలపాతం.” పేరున్నవి మూడు గుర్తొస్తాయి: అమెరికా, కెనడాల మధ్య నయాగరా, జాంబియా, జింబాబ్వేల మధ్య విక్టోరియా, అర్జెంటీనా, బ్రెజిల్‌ల మధ్య ఇగ్వాసు. తర్వాతి క్లూలో నీటి ఏనుగు వస్తే విక్టోరియా, టూకాన్ వస్తే ఇగ్వాసు. ఇక్కడ జంతువు తలుపుకు తాళంచెవిలా పనిచేస్తుంది.

మా ఇంట్లో అందరూ పడిపోయిన ప్రశ్న ఇంకొకటి. “ఈ ఊరి బీచ్‌లో పెంగ్విన్లు తిరుగుతాయి.” అంటార్కిటికా అని ఇద్దరు అరిచారు. అక్కడ స్థిరంగా కాపురముండే జనమే లేరు, పరిశోధకులు వచ్చిపోతుంటారు, ఇక ‘ఊరు’ ఎక్కడిది? ఆ మాటతోనే అంటార్కిటికాను కొట్టేయాలి. మిగిలినవి చిలీ, అర్జెంటీనా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా లాంటివి. రెండో క్లూ: “వెనకాల కొండ, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది.” మూడోది: “ఎదురుగా సముద్రంలో ఒక దీవి, నెల్సన్ మండేలా 18 ఏళ్లు జైల్లో ఉన్నది అక్కడే.” కేప్‌టౌన్. కొండ పేరు టేబుల్ మౌంటెన్, దీవి రాబెన్ ఐలండ్. రెండో క్లూకే ఈ ఊరు చెప్పొచ్చు.

ఆరో అడుగు: సరిహద్దు దగ్గర ఆగండి

మా మేనల్లుడు చిత్తూరులో ఒక బడిలో జరిగిన క్విజ్‌లో ఈ తప్పు వల్లే బాధపడ్డాడు, అదీ తన తప్పు కాకుండా. తెర మీద ఫొటో వేశారు: మంచు టోపీ పెట్టుకున్న పెద్ద కొండ, ముందు గడ్డిమైదానంలో ఏనుగుల మంద. “ఈ ఫొటో ఏ దేశంలో తీసింది?” వాడు కెన్యా అన్నాడు. కొండ కిలిమంజారో కాబట్టి టాంజానియా అని మార్కు ఇవ్వలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. కొండ టాంజానియాదే, ఎత్తు 5,895 మీటర్లు. కానీ అది అంబోసెలిలో తీసిన ఫొటో అని కింద రాసే ఉంది. అంబోసెలి పార్కు కెన్యాలో ఉంది. కొండను అంత అందంగా ఏనుగులతో కలిపి చూపించేది ఆ వైపే. వాడు చెప్పిందే సరైనది.

అందుకే అడిగే వాక్యాన్ని రెండుసార్లు వినండి. కొండ ఎక్కడుంది అని అడిగారా, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామని అడిగారా? జంతువులకు సరిహద్దులు తెలియవు. మన పలమనేరు వైపే చూడండి. దాదాపు రెండు శతాబ్దాలు ఏనుగే లేని అడవుల్లోకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ ఆ ఏనుగులు మూడు రాష్ట్రాల మధ్య తిరుగుతాయి, రైతుల చెరకు, అరటి తొక్కుతాయి. ‘మూడు రాష్ట్రాలు కలిసే చోట ఏనుగులు’ అనే క్లూకు ముదుమలై, బందీపూర్, వయనాడు వైపు కూడా సరిపోతుంది. అక్కడా మూడు రాష్ట్రాలు కలుస్తాయి. ‘పోయి మళ్లీ వచ్చిన ఏనుగులు’ అన్నప్పుడే మన కౌండిన్య వైపు చూడాలి.

చెట్ల విషయంలో ఇంకా జాగ్రత్త. చెట్టును మనిషి ఓడెక్కించి తీసుకుపోతాడు. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్‌లో ఆకాశాన్ని అంటే నీలగిరి చెట్లు ఆస్ట్రేలియా జాతి. హైదరాబాద్ గోల్కొండ దగ్గరున్న ఏనుగంత లావు బావోబాబ్ ఆఫ్రికాది. బావోబాబ్ అనగానే మడగాస్కర్ అనేస్తే గోల్కొండ పోతుంది. నమ్మదగ్గ చెట్టు ఏదంటే, తనంతట తాను అడవిలో పెరుగుతూ మరోచోట కనపడనిది. అలాంటిది మనకు ఎర్రచందనం. ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, వాటి చుట్టుపక్కల కొండల్లోనే.

ఏడో అడుగు: ఎప్పుడు నోరు తెరవాలి?

దీనికి చిన్న లెక్క ఉంది, పిల్లలకు బాగా నచ్చుతుంది. మొదటి క్లూ దగ్గర చెబితే పది, ఆగితే ఎనిమిది. అంటే పదిసార్లు అలాంటి నమ్మకంతో చెప్పినప్పుడు ఎనిమిదిసార్లు సరి అయ్యేలా ఉంటేనే చెప్పడం లాభం. రెండో క్లూ దగ్గర ఎనిమిది, ఆగితే ఆరు: నాలుగింట మూడు పాళ్ల నమ్మకం చాలు. మూడో దగ్గర మూడింట రెండు. నాలుగో దగ్గర సగం సగం ఉన్నా చెప్పేయొచ్చు. తర్వాతి క్లూకు కచ్చితంగా తేలిపోతుందనీ, పక్కవాళ్లు ముందే చెప్పేయరనీ అనుకుని వేసిన లెక్క ఇది. పక్కన మా అమ్మ లాంటివాళ్లు కూర్చుంటే ఇంకొంచెం తెగించాలి.

గూడబాతులకు నాలుగు చోట్లు ఉన్నాయని రాసుకున్నాం కదా, అంటే నమ్మకం పాతిక పాళ్లు. మొదటి క్లూకు ఎందుకు చెప్పకూడదో ఇప్పుడు లెక్కలోనే కనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: మీరే క్లూలు తయారు చేయండి

కనిపెట్టడం నిజంగా వచ్చేది ఇక్కడే. సొంత ఊరికి ఐదు క్లూలు రాసి చూస్తే, ఏది ఊరికే గొప్పలో, ఏది అసలైన ఆనవాలో తెలిసిపోతుంది. ‘అతి పెద్ద’, ‘అతి పాత’ అనే మాటలతో క్లూ ఇవ్వొద్దు. గొడవ వస్తుంది, తీర్చేవాళ్లుండరు. ప్రతి క్లూ విడిగా నిజం కావాలి. ఐదూ కలిపి చదివితే మరో చోటుకు సరిపోకూడదు. వెడల్పు నుంచి ఇరుకుకు రావాలి.

మా పిల్లల దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. బస్సులో ఎక్కడికి పోయినా అందులో ఒక పేజీ రాస్తారు: ఏ ప్రాణి కనిపించింది, ఏ రాయి, ఏ నీళ్లు, ఏ కట్టడం, పేరు వెనక ఏ కథ. తలకోన పేజీలో జలపాతం, పెద్ద ఉడుత, రాత్రి తిరిగే దేవాంగపిల్లి గురించి విన్నది. చంద్రగిరి పేజీలో రాజమహల్, విజయనగర రాజుల చివరి రోజుల రాజధాని. మదనపల్లె పేజీలో ప్రాణి ఏమీ లేదు, 1919లో టాగూర్ అక్కడ ఉండి జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చిన సంగతి ఉంది. తిరుమల పేజీ నిండిపోయి అతుకు కాగితం వేశారు: శిలాతోరణం, బంగారు బల్లి, టోపీ కోతి. బల్లిని చూడాలని చీకట్లో అడవిలోకి పోవద్దని అందులోనే ఎర్ర ఇంకుతో రాయించాను. ఆ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతాయి. ప్రాణులు ఉన్నాయని తెలుసుకోవడానికి వాటి ఇంట్లోకి చొరబడక్కర్లేదు.

ఈ ఏడాది సెలవుల కోసం ఆ నోటుబుక్కులోంచి నేను తయారుచేసిన ఐదు క్లూలు ఇవి. తిరుపతి నుంచి గంటలోపు పోయిరాగలిగే చోటు.

పది మార్కులకు: ఇక్కడ ఏనుగు వీపు ఉంది, ఏనుగు లేదు.

ఎనిమిదికి: స్వర్ణముఖి నది దగ్గర్లోనే ఉంది.

ఆరుకు: దేవుణ్ణి చూడాలంటే చూపు కిందికి దించాలి, గర్భగుడి నేల పల్లంలో ఉంటుంది.

నాలుగుకు: రాతిలో నిలబడ్డాయన ఒక చేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీశాడు, భుజాన గొడ్డలి ఉంది, కాళ్ల కింద ఒక మరుగుజ్జు ఉన్నాడు.

రెండుకు: ఈ స్వామి పేరులోనే ఆ గొడ్డలి ఉంది, ఆ లింగాన్ని క్రీస్తు పూర్వం చెక్కారని చరిత్రకారుల్లో చాలామంది అంటారు.